ప్రేమ ఎవరి జాగీరు?

నోరా రాబర్ట్స్ గురించి రాయబోతున్నామంటే మిత్రులు కొందరు ముఖం చిట్లించారు. అమెరికా ప్రేమ నవలల రచయిత్రితో మీకేం పని అన్నారు. మసీదు గురించి రాయండి, కర్ఫ్యూ గురించి రాయండి, బుర్ఖా గురించీ తలాక్ గురించీ రాయండి, అవి కదా మీ సమస్యలు అన్నారు. వాళ్లు మా మేలు కోరేవాళ్లే. సెక్యులర్లే. కానీ వాళ్ల మాటలోనే మాకో ప్రశ్న దొరికింది. చావుకీ కర్ఫ్యూకీ మేం కావాలి గానీ ప్రేమకు పనికిరామా? ఒక సమూహానికి కష్టాలే తప్ప ఇష్టాలుండవని ఎవరు తేల్చారు?

మాకూ ఇష్టాలున్నాయి. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కుప్పపోసిన పాత పుస్తకాల్లో మా ఆపాలు వెతుక్కున్నవి మిల్స్ అండ్ బూన్ నవలలు. ఇంగ్లీషు బాగుపడుతుందని ఇంట్లో చెప్పి తెచ్చుకునేవాళ్లు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు అద్దె పుస్తకాల షాపులో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ కోసం వంతు కట్టారు. జయంతి ఆత్మాభిమానానికి మురిసిపోయారు. రాజశేఖరం కారు తమ గల్లీ మలుపు తిరిగినట్టు కలగన్నారు. ఆ కలలో ఒక చిన్న తిరకాసు ఉండేది. కల కనాలంటే ముందు పేరు మార్చుకోవాలి. షాహీన్ కాసేపు జయంతి అయిపోవాలి. పుస్తకం మూశాక మళ్లీ షాహీన్‌గా వంటింట్లోకి పోవాలి. మా చేతికొచ్చిన నవలల్లో షాహీన్‌ని షాహీన్‌గా ప్రేమించిన నాయకుడు మాకు కనపడలేదు. సాయిబు కనిపిస్తే జట్కా తోలుతూ కనిపించేవాడు, లేకపోతే అత్తరమ్ముతూ. ఆ జట్కా ఎక్కి ప్రేమికులు షికారు పోయేవాళ్లు.

ఇది తెలుగు నవల ఒక్కదాని జబ్బు కాదు. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయే ప్రేమ నవలల్లో మా చోటు ఎక్కడుందో చూద్దామనుకున్నాం. చూసేదేదో చిన్నాచితకా రచయితను పట్టుకుని చూడకూడదు. ఆ రంగంలో శిఖరాన ఉన్న మనిషినే చూడాలి. అందుకే నోరా.

ముందుగా ఆమెకు ఇవ్వాల్సిన మర్యాద ఇస్తాం. ఎలినార్ మేరీ రాబర్ట్‌సన్ 1950లో మేరీలాండ్ రాష్ట్రం సిల్వర్ స్ప్రింగ్‌లో, ఐరిష్ మూలాలున్న కుటుంబంలో ఐదుగురు పిల్లల్లో చివరిదిగా పుట్టింది. కొన్నాళ్లు కాథలిక్ బడిలో చదివింది. చిన్న వయసులోనే పెళ్లయింది. 1979 ఫిబ్రవరిలో మంచు తుపాను విరుచుకుపడితే, ఇద్దరు పసిపిల్లలతో ఇంట్లో చిక్కుపడిపోయి, ఊపిరాడక ఒక నోటుపుస్తకం తీసుకుని కథ రాయడం మొదలుపెట్టింది. రాసినదాన్ని హార్లెక్విన్ సంస్థకు పంపింది. వాళ్లు తిప్పి పంపారు. మాకు అమెరికన్ రచయిత్రి ఒకరు ఇప్పటికే ఉన్నారన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ సంస్థకు అప్పట్లో ఎక్కువగా బ్రిటిష్ రచయిత్రులు రాసేవాళ్లు.

ఈ జవాబు దగ్గర మేం కాసేపు ఆగాం. ఇది మాకు బాగా తెలిసిన జవాబు. కవితా సంకలనాలకు, సభలకు, ప్రత్యేక సంచికలకు మేమూ ఈ మాట విన్నాం. ‘మీవాళ్లు ఒకరున్నారు గదా!’ ఒకరుంటే మొత్తం జాతి ఉన్నట్టే లెక్క. నోరా కూడా తన తొలి అడుగులో ఈ దెబ్బ తిన్న మనిషే. అందుకే ఆమెను పరాయిదాన్ని చూసినట్టు చూడలేకపోయాం.

1980లో అమెరికా రచయిత్రుల కోసం సిలూయెట్ అనే ప్రచురణ సంస్థ పుట్టింది. 1981లో ఆమె మొదటి నవల ‘ఐరిష్ థరోబ్రెడ్’ అక్కడినుంచి వచ్చింది. ఆ తర్వాత కలం ఆగలేదు. 200కు మించి నవలలు. 50 కోట్లకు పైగా ప్రతులు అచ్చయ్యాయని లెక్క. ఒకే పేరుతో ఇన్ని రాస్తే మార్కెట్ తట్టుకోలేదని 1995 నుంచి జె.డి. రాబ్ అన్న మారుపేరుతో మరో వరస మొదలుపెట్టింది. అవే 50 దాటిపోయాయి.

అవార్డుల సంగతి చెప్పాలంటే, అమెరికా ప్రేమ నవలా రచయితల సంఘం రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా 1980లో టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో మొదలైంది. 1982 నుంచి అది ఇస్తూ వచ్చిన బహుమతికి 1990లో సంఘం తొలి అధ్యక్షురాలు రీటా క్లే ఎస్ట్రాడా పేరు మీద ‘రీటా’ అని పేరు పెట్టారు. ప్రేమ నవలకు అంతకు మించిన గౌరవం లేదనేవాళ్లు. అలాంటివి నోరాకు 21 వచ్చాయి. 1986లో సంఘం తన గౌరవ పీఠంలో మొట్టమొదట కూర్చోబెట్టింది ఆమెనే. 1997లో జీవితకాల కృషికి పురస్కారం ఇచ్చింది. 2008లో ఆ పురస్కారానికే ఆమె పేరు పెట్టేసింది.

పెద్ద విమర్శకులు ఈ నవలల్ని ముట్టుకోరు. ఆడవాళ్లు రాసి ఆడవాళ్లు చదివేది సాహిత్యం ఎలా అవుతుందని వాళ్ల ధీమా. మేం ఆ ధీమాలో పాలు పంచుకోం. మా ఖవ్వాలీని, మా మర్సియాను, మా పీర్ల పాటల్ని సాహిత్యం గడప తొక్కనీయనివాళ్లు కూడా ఇలాంటి పెద్దమనుషులే. నోరా నాయికలు పనిచేసి బతుకుతారు. కోపం వస్తే అరుస్తారు. ‘వద్దు’ అంటే ‘వద్దు’ అనే అర్థం అంటారు. అంతకుముందరి ప్రేమ నవలల్లో మగవాడి మొరటుతనాన్నే ప్రేమని నమ్మించేవాళ్లు. నోరా ఆ మగవాడి మనసులోకి పాఠకురాలిని తీసుకుపోయి, వాడికీ భయాలుంటాయని, వాడూ నేర్చుకోవాల్సింది ఉందని చూపించింది. స్త్రీ తన గౌరవం వదులుకోకుండా ప్రేమ పొందొచ్చని కొన్ని కోట్లమంది ఆడవాళ్లకు చెప్పింది. ఇది చిన్న పని కాదు.

ఇంత చేసిన చేయి మా దగ్గరికొచ్చేసరికి ఏం చేసిందో చూడాలి.

1980ల చివర ఆమె ‘స్వీట్ రివెంజ్’ అనే నవల రాసింది. తీపి పగ అనుకోవచ్చు. కథ జాకిర్ అనే దేశంలో మొదలవుతుంది. మ్యాపులో వెతక్కండి, దొరకదు. ఎడారి ఉంటుంది, నూనె ఉంటుంది, రాజు ఉంటాడు, రాణివాసం ఉంటుంది, నమాజు ఉంటుంది. ఫీబీ స్ప్రింగ్ అనే హాలీవుడ్ తార అబ్దు అనే రాజును ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది. పెళ్లికి రాజు ఆమెకు ‘సూర్యుడూ చంద్రుడూ’ అని పేరున్న హారం ఇస్తాడు. అందులో ఒక మహా వజ్రం, ఒక మహా ముత్యం. ఆమెకు ఆడపిల్ల పుడుతుంది. మగపిల్లాణ్ణి కనలేదని రాజు మారిపోతాడు. వేరే భార్యలొస్తారు, దెబ్బలొస్తాయి. తల్లి మీద తండ్రి చేసే బలాత్కారాన్ని ఎడ్రియాన్ పసిపిల్లగా ఉన్నప్పుడే చూస్తుంది. తల్లి కూతుర్ని తీసుకుని అమెరికా పారిపోతుంది గానీ మనసు చెదిరి, నలిగి చనిపోతుంది. హారం మాత్రం రాజు దగ్గరే ఉండిపోతుంది. ఎడ్రియాన్ పగలు న్యూయార్క్ శ్రీమంతుల మధ్య రాకుమారి, రాత్రి నగల దొంగ. తల్లి హారాన్ని తండ్రి ఖజానా నుంచి తీసుకురావడమే ఆమె పగ. ఆమెకు తోడుగా ఫిలిప్ చేంబర్లేన్ వస్తాడు. ఆంగ్లేయుడు, ఒకప్పటి దొంగ, ఇప్పుడు ఇంటర్‌పోల్ మనిషి. వాళ్లిద్దరి మధ్య ప్రేమ.

కథ చదివిస్తుంది. ఫీబీ బాధ అబద్ధం కాదు. కొడుకును కనలేదని భార్యను హింసించే మగవాళ్లు మాలో లేరని మేం ఒట్టేయలేం. ఆ మాటకొస్తే తెలుగునేల మీద ఏ మతం వాడూ ఒట్టేయలేడు. జాకిర్ రాణివాసంలోని ఆడవాళ్ల మధ్య ఆప్యాయతను కూడా నోరా చూపించింది, మనుషుల్లాగే చూపించింది. మా అభ్యంతరం వేరే చోట ఉంది.

దాన్ని చెప్పడానికి ఆమె రాసిన మరో నాయికనే సాక్ష్యానికి పిలుస్తాం. జె.డి. రాబ్ పేరుతో రాసిన నవలల్లో ఈవ్ డల్లస్ అనే పోలీసు అధికారి ఉంది. ఆమె కూడా తండ్రి చేతిలో చిత్రవధ పడ్డ పిల్లే. ఎడ్రియాన్ చూసిన ఘోరం కన్నా ఈవ్ పడ్డ ఘోరం పెద్దది, ఎందుకంటే కన్నతండ్రి బలాత్కారం చేసింది ఆమె మీదే. ఎనిమిదేళ్ల వయసులో ప్రాణం కాపాడుకోవడానికి ఆ తండ్రిని చంపేస్తుంది. అతను తెల్ల అమెరికన్. అతని క్రూరత్వం అతనిదే. ఆ నవలల్లో ఎక్కడా అమెరికా మతం అతన్ని అలా చేసిందని రాలేదు. అమెరికా నుంచి పారిపోతే తప్ప ఈవ్‌కు విముక్తి లేదని రాలేదు. అదే దేశంలో, అదే చట్టం నీడన, అదే జాతివాళ్ల మధ్య ఆమె నిలబడుతుంది.

అబ్దు విషయంలో అలా జరగలేదు. అతను భార్యను కొడితే జాకిర్ కొట్టినట్టు. అతను ఇంకో పెళ్లి చేసుకుంటే షరియత్ చేసుకున్నట్టు. అతని గుణం, అతని దేశం, అతని మతం ఒకే ముద్ద. వాళ్లలో దుర్మార్గుడు మనిషి, మాలో దుర్మార్గుడు మచ్చుతునక. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో ‘పుట్టుమచ్చ’ రాసిన నాటినుంచి తెలుగు ముస్లింలం పదేపదే అడుగుతున్నది ఈ లెక్క గురించే. ఒక్కడి తప్పుకు మొత్తం ఖౌమ్ సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఈ లెక్క ఎక్కడిది? అవార్డులందుకున్న ప్రేమ నవలలోకి కూడా అది ఇంత సాఫీగా ఎలా చొరబడింది?

అంతేకాదు. ఆ నవలలో ఎవరికి ప్రేమ దక్కిందో గమనించండి. అమెరికన్ తల్లి రక్తం ఉన్న ఎడ్రియాన్‌కు దక్కింది. జాకిర్‌లోనే పుట్టి, అక్కడే ఉండిపోయిన సవతి తల్లులకు, చెల్లెళ్లకు అలాంటి విముక్తి లేదు. వాళ్ల కోసం ఏ ఫిలిప్పూ గోడ దూకడు. హారం బయటికొస్తుంది, వాళ్లు లోపలే ఉంటారు. పాఠకురాలు హాయిగా నిట్టూర్చి పుస్తకం మూస్తుంది. ప్రేమ నవల పాఠకురాలికి ఇచ్చే మాట ఒక్కటే. చివరికి అంతా సుఖాంతం. ఆ సుఖంలో మా ఆడవాళ్లకు వాటా ఎందుకు లేదని మేం అడుగుతున్నాం.

ఈ వరస నోరాతో మొదలు కాలేదు. 1919లో ఇ.ఎం. హల్ అనే ఆంగ్ల రచయిత్రి ‘ది షేక్’ రాసింది. ఎడారిలో అరబ్ షేక్ ఇంగ్లీషు పిల్లను ఎత్తుకుపోతాడు, చెరబడతాడు, ఆమె చివరికి అతన్నే ప్రేమిస్తుంది. 1921లో రుడాల్ఫ్ వాలెంటినో హీరోగా సినిమా వచ్చి అమెరికాను ఊపేసింది. కథ చివర్లో తేలే రహస్యం ఏమిటంటే ఆ అహ్మద్ బెన్ హసన్ అరబ్బే కాదు. ఇంగ్లీషు దొరకూ స్పానిష్ తల్లికీ పుట్టినవాడు. చెరబట్టేటప్పుడు అరబ్బు, ప్రేమించేటప్పుడు ఇంగ్లీషువాడు! ఎడ్వర్డ్ సయీద్ 1978లో ‘ఓరియంటలిజం’ రాసి ఈ చూపును విప్పి చెప్పాడు. అయినా షేకుల ప్రేమ నవలలు ఆ తర్వాత కూడా కుప్పలుగా వచ్చాయి. వాటిలో షేక్‌కు గుర్రాలుంటాయి, విమానాలుంటాయి. ప్రియురాలు మాత్రం సాధారణంగా తెల్లపిల్లే.

షేక్ అన్న మాట హైదరాబాద్ పాతబస్తీలో ఎలా వినిపిస్తుందో ఆ నవలలు రాసేవాళ్లకు తెలియదు. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతున్న విమానంలో ఏడుస్తున్న చిన్నపిల్లను ఒక ఎయిర్ హోస్టెస్ పలకరిస్తే, ఆ పక్కన కూర్చున్న సౌదీ ముసలివాడు మొగుడని తేలింది. దేశమంతా గగ్గోలైంది. మాకు షేక్ అంటే గుర్రమెక్కిన ప్రేమికుడు కాదు. దళారుల వెంట వచ్చి పేదింటి పిల్లకు వెలకట్టే ముసలివాడు. ఆ గగ్గోలులో మా పేదరికం గురించి ఎంత రాశారో, మా మతం గురించి ఎంత రాశారో పాత పత్రికలు తిరగేసినవాళ్లకు తెలుస్తుంది.

‘స్వీట్ రివెంజ్’ వచ్చిన కాలాన్ని కూడా మరిచిపోవద్దు. 1979లో ఇరాన్ విప్లవం, అమెరికన్లు బందీలవడం. 1987లో బెట్టీ మహ్మూదీ ‘నాట్ వితౌట్ మై డాటర్’. ఇరాన్ భర్త చెర నుంచి కూతురితో పారిపోయిన అమెరికన్ తల్లి ఆత్మకథ అది. 1991 జనవరిలో, బాగ్దాద్ మీద బాంబులు పడడానికి కొద్ది రోజుల ముందే అది సినిమాగా వచ్చింది. 2001 నవంబరులో అమెరికా అధ్యక్షుని భార్య లారా బుష్ రేడియోలో అఫ్ఘాన్ స్త్రీల విముక్తి గురించి మాట్లాడింది. అప్పటికే అఫ్ఘానిస్తాన్ మీద విమానాలు తిరుగుతున్నాయి. నోరా యుద్ధాన్ని సమర్థించిందని మేం అనడం లేదు, ఆమె మీద ఆ నింద వేయం. కానీ ముస్లిం స్త్రీని కాపాడాలన్న నమ్మకం ఒక జాతి మనసులో ఊరికే మొలవదు. దానికి కథలు నీళ్లు పోస్తాయి. యుద్ధం గురించి రాసిన పుస్తకాన్ని పాఠకుడు అనుమానంగా చదువుతాడు. ప్రేమ కథ దగ్గర అనుమానం ఉండదు.

దూరం దేశం సంగతి అని మన తెలుగు పాఠకులు నిశ్చింతగా ఉండనక్కర్లేదు. 1995లో మణిరత్నం ‘బొంబాయి’ని మనమంతా తెలుగులో చూశాం. పాటలకు మేమూ పరవశించాం. హిందూ అబ్బాయి, ముస్లిం అమ్మాయి. మతసామరస్యం అన్నారు. సామరస్యానికి దారి ఎప్పుడూ ఒకవైపుకే ఎందుకు పోతుందని అప్పుడు అడిగినవాళ్లను మతవాదులన్నారు. 2020 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మతమార్పిడి మీద ఆర్డినెన్స్ తెచ్చాక ఆ ప్రశ్న పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. ముస్లిం అబ్బాయి హిందూ అమ్మాయిని ప్రేమిస్తే దానికి ‘లవ్ జిహాద్’ అని పేరు. ఎవరు ప్రేమికుడో, ఎవరు నేరస్తుడో నవలలూ సినిమాలూ ముందే నేర్పి పెట్టిన పాఠం అది.

ఇంతవరకూ చెప్పింది వాళ్ల గురించి. మా గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది.

ఎడ్రియాన్ దొంగిలించిన హారం దగ్గరికి మళ్లీ వెళ్దాం. అది పెళ్లికి భర్త భార్యకిచ్చిన సొమ్ము. ఇలాంటిదానికి మా దగ్గర పేరుంది. మెహర్. షరియత్ ప్రకారం మెహర్ భార్య సొంతం. భర్తకు గానీ తండ్రికి గానీ దాని మీద హక్కు లేదు. కాబట్టి ఎడ్రియాన్ చేసింది మా లెక్కలో దొంగతనం కాదు, తల్లికి రావాల్సిన బాకీ వసూలు. నోరా నవలను ఒక ముస్లిం స్త్రీ చదివితే మొట్టమొదట తోచే ఆలోచన ఇదే. తీరా చూస్తే అబ్దు ధిక్కరించింది ఇస్లామ్‌నే కదా అని అబ్బుర పడుతుంది.

అలా అని గొప్పలు చెప్పుకునే అర్హత మాకుందా? మా ఇళ్లలో ఎంతమంది అమ్మీలకు మెహర్ చేతికందింది? నిఖా పుస్తకంలో అంకె రాస్తారు. ఇద్దరు సాక్షుల ముందు ఖబూల్ అంటారు. ఆ తర్వాత ఆ అంకె ఊసెత్తితే అది సిగ్గుమాలిన పని. చివరికి మొగుడి జనాజా లేచే ముందు పెద్దలొచ్చి ‘మాఫ్ చేశానను బేటీ’ అంటారు. ఏడుస్తూ మాఫ్ చేస్తుంది. ఆ క్షణంలో ఇంకేం చేయగలదు? ఇటునుంచి మెహర్ రాదు, అటునుంచి మాత్రం జోడేకీ రఖమ్ పేరుతో కట్నం పోతుంది. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు మనోవర్తి ఇవ్వమంటే మా పెద్దలు ఊరేగింపులు తీశారు. మెహర్ ఎగ్గొట్టినవాళ్ల మీద ఒక్క ఊరేగింపూ తీయలేదు. నోరా రాసిన జాకిర్ అబద్ధమని అరిచే ముందు మా ఇళ్లలోని చిన్న చిన్న జాకిర్‌ల తాళాలు మేమే తీయాలి.

ప్రేమ విషయంలోనూ మా చేతులు శుభ్రంగా లేవు. 2022 మే నెలలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఒక దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద చంపారు. అతను చేసిన తప్పల్లా మా అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకోవడం. చంపింది ఆ అమ్మాయి అన్న. భర్తను కాపాడుకోవడానికి ఆమె జనాన్ని బతిమాలింది. ఆ రోజు మాలో చాలామందిమి తలలు వంచుకున్నాం, కొందరు నోళ్లు మూసుకున్నారు. ఆ మౌనం కూడా ప్రేమ మా ఇంటి జాగీరు అన్న ధోరణే. కాబట్టి ప్రేమ కథల్లో మా వాటా అడగడమంటే, మా ఇంట్లో ప్రేమించే హక్కును కూడా అడగడమే. ఒకటి అడిగి రెండోది దాచిపెడితే అది అస్తిత్వ ఉద్యమం అనిపించుకోదు.

ఇక అవార్డుల దగ్గరికొద్దాం. రీటా బహుమతికి న్యాయనిర్ణేతలు బయటివాళ్లు కాదు, అదే సంఘంలోని తోటి రచయితలు. మంచి పద్ధతే అనిపిస్తుంది. కానీ ఆ సంఘాన్ని మొదలుపెట్టినవాళ్లలో వివియన్ స్టీఫెన్స్ అనే నల్లజాతి సంపాదకురాలు ఉంది. ఆమె నాటిన చెట్టు 1982 నుంచి కాయలు కాస్తూ వచ్చింది. ఒక నల్లజాతి రచయిత్రికి ఆ కాయ దక్కడానికి 2019 దాకా పట్టింది. 37 ఏళ్లు! అన్నేళ్లూ కూర్చున్న జడ్జీలు దుర్మార్గులేం కాదు. తమ ఇంటి కథలాంటి కథ చదివితే మంచి కథ అనుకున్నారు. తమకు తెలియని ఇంటి కథ వస్తే ఎందుకో మనసుకు పట్టలేదు అనుకున్నారు. మార్కులు వేశారు. ‘ప్రతిభే కొలమానం’ అనే మాటను తెలుగు అవార్డు కమిటీల నోట మేం విన్నప్పుడల్లా ఈ 37 ఏళ్లు గుర్తు చేసుకుంటే బాగుండనుకుంటాం.

2019 డిసెంబరులో ఆ సంఘం పుట్టి మునిగింది. చైనా మూలాలున్న కోర్ట్నీ మిలన్ అనే రచయిత్రి, ఒక పాత నవలలో చైనా స్త్రీల చిత్రణ జాత్యహంకారంతో ఉందని విమర్శించింది. విమర్శించినందుకు సంఘం ఆమె మీదే చర్య తీసుకుంది. రచయితలు తిరగబడ్డారు. కార్యవర్గం కూలిపోయింది. 2020లో రీటాను రద్దు చేశారు. వివియన్ స్టీఫెన్స్ పేరు మీద కొత్త బహుమతి పెట్టారు. 2021లో ఆ కొత్త బహుమతుల్లో ఒకటి ఏ నవలకు ఇచ్చారో తెలుసా? వూండెడ్ నీ దగ్గర అమెరికా ఆదివాసుల్ని ఊచకోత కోసిన సైన్యంలో పాల్గొన్నవాడు నాయకుడైన నవలకు. అల్లరి జరిగాక వెనక్కి తీసుకున్నారు. పేరు మార్చినంత మాత్రాన చూపు మారదని దీనికన్నా రుజువు అక్కర్లేదు. 2024లో ఆ సంఘం దివాలా పిటిషన్ వేసింది.

ఆ గొడవ రోజుల్లో నోరా నోరు విప్పింది. ఆమె ఆ సంఘాన్ని అంతకు చాలా కాలం ముందే వదిలేసింది. అయినా తప్పించుకోలేదు. తన జీవితంలో, తన రచనల్లో తానూ ఎవరినైనా నొప్పించి ఉండొచ్చని, కావాలని చేయకపోయినా నొప్పి పడ్డవాళ్లకు ఆ తేడా పట్టదని, అందుకు ఏ షరతూ లేకుండా క్షమాపణ చెబుతున్నానని రాసింది. 21 రీటాలున్న మనిషి ఆ మాట రాయడం మామూలు సంగతి కాదు. మేం దాన్ని గౌరవిస్తాం. మన తెలుగులో అంతకన్నా చిన్న కిరీటాలున్నవాళ్లు ఎవరైనా ఆ మాట రాసినట్టు మాకు జ్ఞాపకం లేదు.

కానీ ఆ క్షమాపణలో జాకిర్ పేరు లేదు. జీవితకాల కృషికి సన్మానం చేసినప్పుడు ఆ కృషిలో ‘స్వీట్ రివెంజ్’ కూడా ఉంది. జీవితకాలపు తప్పులకు క్షమాపణ చెప్పినప్పుడు ఆ నవల కూడా ఉందా అని మేం అడుగుతాం. ఆమెను బోనులో నిలబెట్టాలన్న కోరికతో కాదు. ఈవ్ డల్లస్‌ను రాయగలిగిన కలానికి అబ్దును కూడా మనిషిగా రాయడం చేతకాని పని కాదు గనక. అబ్దుకు చెల్లెలిగా పుట్టి, జాకిర్ గోడలోపలే నిలబడి, తన మెహర్ తాను అడిగి తీసుకునే స్త్రీని కూడా ఆమె రాయగలదు గనక.

అయితే ఎంతకాలం ఇంకొకరి కలం వైపు చూస్తూ కూర్చుంటాం? 2018లో కెనడాలో ఉజ్మా జలాలుద్దీన్ ‘ఆయిషా ఎట్ లాస్ట్’ అనే ప్రేమ నవల రాసింది. టొరాంటోలో ముస్లిం పిల్ల, ముస్లిం పిల్లవాడు. ఆమె కవిత్వం చెబుతుంది, అతను గడ్డం పెంచి నమాజు చదువుతాడు. ఒకరినొకరు అపార్థం చేసుకుంటారు, తిట్టుకుంటారు, ప్రేమించుకుంటారు. ఎవరూ ఎవరినీ చెరబట్టరు, ఎవరూ గోడ దూకి కాపాడరు. సుఖాంతం. ఆ నవల చదువుతుంటే మాకు తెలిసొచ్చింది, ఇన్నాళ్లూ మేం అడుగుతున్నది ఎంత మామూలు విషయమో.

తెలుగులో మా కథ 1990ల నుంచీ బలంగా వచ్చింది. బాబ్రీ మసీదు కూలినప్పటి గాయం మాతో రాయించింది. పేదరికం రాయించింది, అవమానం రాయించింది. అవి రాయకుండా ఉండలేకపోయాం, ఇకముందూ రాస్తాం. కానీ ఆ రాతల్లో ప్రేమ ఎంత తక్కువో ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే దిగులేస్తుంది. మమ్మల్ని బాధితులుగా తప్ప చూడని లోకానికి మేమే బాధితులుగా తప్ప కనిపించకుండా పోయామా? రంజాన్ నెల ఇఫ్తార్ వేళ డాబా మీదినుంచి పక్క డాబా వైపు చూసిన చూపు, మేనబావకు ఖీర్ గిన్నె అందిస్తూ వణికిన చేయి, నిఖా రోజున అద్దంలో మొదటిసారి చూసుకున్న ముఖాలు, ముప్ఫయ్యేళ్ల కాపురం తర్వాత మొగుణ్ణి ‘నా మెహర్ ఏదీ?’ అని నవ్వుతూ, నవ్వులోనే నిలదీస్తూ అడిగిన అమ్మీ. ఇవన్నీ మా ఇళ్లలో ఉన్నాయి. రాయాల్సినవాళ్లం మేమే.

ఏదో ఒక గల్లీలో ఈ రాత్రి కూడా ఒక షాహీన్ ప్రేమ నవల చదువుతూ ఉంటుంది. పుస్తకం మీద ఎవరి పేరైనా ఉండనీయండి, దాని వెనక ఎన్ని అవార్డులైనా ఉండనీయండి. చదువుతున్నంతసేపూ ఆమె తన పేరు మార్చుకోకుండా చదవగలగాలి. అలాంటి నవల ఒక్కటైనా తెలుగులో రాసి ఆమె చేతికందించే దాకా నోరా మీద మా విమర్శ సగం చేసిన పనే.